పదకొండు నెలల కాగితం



అద్దె ఇంటి తగాదా కోర్టు దాకా వచ్చిందంటే, అద్దెకున్నవారు ముందుగా అనే మాట ఇది: “రెంట్ కంట్రోలు చట్టం ఉంది కదండీ, నన్నెట్లా ఖాళీ చేయిస్తారు?” ఇంటివారు ముందుగా అనే మాట ఇంకొకటి: “పదకొండు నెలల అగ్రిమెంటే కదండీ రాసుకున్నది, ఆ తర్వాత వాళ్లకింక హక్కేముంది?” ఇద్దరూ ధీమాగానే అంటారు. ఇద్దరి ధీమాకూ ఆధారం అంతంతమాత్రం. ఈ పూట ఆ సంగతే చెప్పుకుందాం. సెక్షన్ల నంబర్ల జోలికి పెద్దగా పోను. రేడియో వింటూ నంబర్లు రాసుకోవడం ఎవరివల్లా కాదు.

ముందు రెంట్ కంట్రోలు. మనం ఆ పేరుతో పిలిచేది 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టాన్ని. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన 1949 నాటి చట్టం, తెలంగాణలో హైదరాబాదు రాష్ట్రం చేసిన 1954 నాటి చట్టం నడిచేవి. రెంటినీ తీసేసి ఒకటి చేశారు. ఈ చట్టాలకు మూలం రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇళ్ల కరువు. ఆ వాసన 1960 చట్టానికి కూడా వదల్లేదు. న్యాయమైన అద్దె ఎంతో తేల్చేటప్పుడు, 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో అద్దెలు ఎలా ఉండేవో చూడాలని అందులో రాశారు. ఇవాళ్టి మాదాపూర్‌లో 1944 నాటి అద్దె ఎంత అంటే ఎవరు చెప్పగలరు? అక్కడ అప్పుడు టులెట్ బోర్డు కట్టే గుమ్మమేది?

అలాగని ఆ చట్టాన్ని తీసిపారేయడానికి లేదు. మునిసిపాలిటీల్లో, నగరాల్లో అద్దెకున్నవాణ్ని ఏ కారణాల మీద ఖాళీ చేయించవచ్చో అది లెక్కపెట్టి చెప్పింది. అద్దె ఎగవేయడం, రాతపూర్వకమైన ఒప్పుదల లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, కాపురానికని తీసుకుని కార్ఖానా పెట్టడం, ఇంటిని పాడు చేయడం, ఇరుగుపొరుగును వేధించడం, కారణం లేకుండా నాలుగు నెలలు తాళం పెట్టి వదిలేయడం, అసలు నువ్వు ఓనరువే కాదు పొమ్మనడం, లేదా ఇంటివారికి ఆ ఇల్లు నిజంగానే కావలసి రావడం. ఇలాంటి కారణం ఏదో ఒకటి రెంట్ కంట్రోలరు ముందు రుజువు కావాలి. ఊరికే “మాకు ఇష్టం లేదు” అంటే కుదరదు. అద్దె పుచ్చుకుంటే రసీదు ఇవ్వాలి. పుచ్చుకోనని మొండికేస్తే, ఏ బ్యాంకులో వేయమంటారో చెప్పమని నోటీసు ఇచ్చి, అదీ చెప్పకపోతే కమీషను మినహాయించుకుని మనియార్డరు చేసి, అదీ తిప్పికొడితే కంట్రోలరు దగ్గర జమ చేయవచ్చు. నీళ్లూ కరెంటూ ఆపకూడదు. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదు.

ఈ అడ్వాన్సు ముక్క మీదే అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు నుంచి ఒక హోటలు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అద్దె బకాయి పడ్డారు కాబట్టి ఖాళీ చేయించాలని యజమాని వాదన. బకాయికి మించిన అడ్వాన్సు సొమ్ము మీ దగ్గరే పెట్టుకుని, ఎగవేత అని ఎలా అంటారని 1989లో కోర్టు అడిగింది. హోటలు నిలిచింది. ఆ తీర్పును ఇప్పటికీ వకీళ్లు బల్లగుద్ది చదువుతారు.

ఇంత చక్కటి చట్టం మనకెందుకు అక్కరకు రాదో ఇప్పుడు చెబుతాను. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఏ భవనానికీ ఇది వర్తించదని మొదట్లో ఒక మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్లు కట్టేవారికి ఊతంగా ఉండాలని పెట్టారు. ఏళ్లు గడిచినా తీయలేదు. పాతికేళ్లనాటి ఇల్లు కూడా ఇంకా కొత్త ఇల్లే అన్నట్టు నడిచింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం వెంటనే మరో రూపంలో మినహాయింపు తెచ్చింది. చివరికి 2005 సవరణతో ఇప్పుడున్న గీత పడింది: కట్టడం పూర్తయిన 15 ఏళ్ల దాకా చట్టం వర్తించదు, మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3500 రూపాయలు, తక్కిన చోట్ల 2000 రూపాయలు దాటిన అద్దెకు కూడా వర్తించదు.

3500. ఈ అంకె ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. ఇవాళ హైదరాబాదులో ఆ డబ్బుకు షేరింగు హాస్టల్లో మంచం దొరకడం కూడా కష్టమే. రెండు గదుల పోర్షనుకు నాలుగైదు రెట్లు కడుతున్న గుమాస్తా కూడా చట్టం దృష్టిలో సంపన్న కిరాయిదారే. 2005లో రాసిన అంకెను ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆ గీతకు లోపల మిగిలినవాళ్లు ఎవరయ్యా అంటే, హైదరాబాదు పాత బజార్లలో తాతల నాడు పగ్డీ సొమ్ము ఇచ్చి మల్గీ దుకాణాలు పట్టిన వ్యాపారులు, పాత పేటల్లో పెంకుటింటి వాటాల్లో తరాలుగా ఉంటున్నవాళ్లు. అంటే, అందరికన్నా ఎక్కువ ఆదుకోవలసిన కొత్త కాపురాలను వదిలేసి, నడిబజారులో వంద రూపాయల అద్దెకు దుకాణం నడుపుకునేవారిని చట్టం కాపాడుతోంది. ఇది నా అభిప్రాయమే కావచ్చు గానీ, ఒక్కరోజు రెంట్ కంట్రోలు కోర్టులో కూర్చుని వచ్చే కేసులు చూస్తే మీరూ ఇదే అంటారు.

ఇదంతా ఇప్పుడు తెలంగాణ మాట. అక్కడ ఆ 1960 చట్టమే పేరు మార్చుకుని సాగుతోంది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2017లో కాపురపు ఇళ్లకూ, కాపురానికి కాని భవనాలకూ కలిపి కొత్త అద్దె చట్టం చేసుకుంది. ఒప్పందం రాతలో ఉండాలి, దాని సంగతి అద్దెల అధికారికి తెలపాలి అన్నది దాని మూలసూత్రం. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఈ దారిలోదే. ఆ నమూనాలో కాపురానికి రెండు నెలల అడ్వాన్సు, దుకాణాలకు ఆరు నెలలు మించకూడదన్నారు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలన్నారు. గడువు తీరినా ఖాళీ చేయనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలన్నారు. బాగానే ఉంది. కానీ అది నమూనా. రాష్ట్రం శాసనంగా చేసుకునేదాకా మన గుమ్మం లోపలికి రాదు. వాట్సాప్‌లో “కొత్త అద్దె చట్టం వచ్చేసింది, రెండు నెలలకు మించి అడ్వాన్సు ఇవ్వకండి” అని తిరిగే సందేశాలు ఈ ముక్కను మింగేస్తాయి.

మరి రెంట్ కంట్రోలు లేనివాడికి దిక్కేమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వినడానికి పాతగా ఉంటుంది గానీ, మన అద్దె కాపురాలు నడిచేది దాని మీదే. అది ఒక పెద్ద మాట చెబుతుంది: మీరిద్దరూ ఏం రాసుకుంటే అదే; రాసుకోని చోట నేను చెప్పినట్టు. అందుకని అగ్రిమెంటు కాగితం దగ్గరికి వద్దాం.

ఆ కాగితం ఎలా పుడుతుందో మీకు తెలుసు. కోర్టు పక్క వీధిలో డీటీపీ కొట్టు. కంప్యూటర్లో ఫైలు రెడీగా ఉంటుంది. పేర్లు, ఇంటి నంబరు, అద్దె మారుస్తాడు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద ప్రింటు తీస్తాడు. ముందటివాడి పేరు ఒక్కోసారి మూడో పేజీలో అలాగే ఉండిపోతుంది. “ఓనరుగారికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఎట్టి అభ్యంతరమూ లేక ఖాళీ చేసి ఇవ్వగలవాడను” అని ఒక వాక్యం, “ఏటా పది శాతం పెంచి ఇవ్వగలవాడను” అని ఇంకో వాక్యం ఎప్పుడూ ఉంటాయి. నల్లా కారితే ఎవరు బాగు చేయించాలో, మోటారు కాలితే ఎవరు పెట్టుకోవాలో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో ఉండదు. స్కూటరు మీద సీటే బల్లగా పెట్టుకుని సంతకాలు చేసేస్తారు.

అందులో పదకొండు నెలలే ఎందుకు? రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి దేశమంతటా కనిపెట్టిన ఉపాయం పదకొండు నెలలు. మనవాళ్లూ అదే పట్టుకున్నారు. కానీ మన ఉమ్మడి రాష్ట్రం 1999లోనే ఆ చట్టాన్ని సవరించి, కాలంతో పని లేకుండా స్థిరాస్తి లీజు కాగితం ఏదైనా రిజిస్టరు కావలసిందేనంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలు. విడిపోయాక రెండు రాష్ట్రాలకూ ఆ సవరణ వారసత్వంగా వచ్చింది. అంటే, ఏ సుఖం కోసం మనం పన్నెండును పదకొండు చేసుకుంటున్నామో, ఆ సుఖం మన దగ్గర పోయి పాతికేళ్లు దాటింది. అలవాటు మాత్రం మిగిలింది.

రిజిస్టరు చేయించకపోతే కాపురం చెల్లదా? చెల్లుతుంది. తాళంచెవి ఇచ్చి, నెలనెలా అద్దె పుచ్చుకుంటే నోటిమాట మీద కూడా అద్దె సంబంధం ఏర్పడుతుంది. అది నెలవారీ అద్దె కింద లెక్క. కాగితం పూర్తిగా చెత్త కూడా కాదు; ఫలానావాడు ఆ ఇంట్లోకి అద్దెకే వచ్చాడు అని చూపించడానికి పనికొస్తుంది. కానీ మూడేళ్లు కదలనివ్వనని ఓనరు ఇచ్చిన హామీ, ఏటా పది శాతమని కిరాయిదారు ఇచ్చిన మాట, మధ్యలో వెళితే అడ్వాన్సు రాదన్న షరతు, ఇవి రిజిస్టరు కాని కాగితంలో ఉంటే కోర్టులో నిలబెట్టడం కష్టం. లక్షలు పోసి దుకాణానికి ఫర్నిచరు చేయించేవారు ఈ ముక్క ముందే వినాలి.

ఇంటివారి ధీమా సంగతి చెబుతానన్నాను. పదకొండు నెలలు అయిపోగానే అద్దెకున్నవాడి హక్కు ఆవిరైపోదు. పన్నెండో నెల అద్దె మీరు పుచ్చుకున్నారంటే కాపురం నెలవారీగా సాగుతోందన్నమాటే. ఇక ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కారణం చెప్పనక్కర్లేదు, రెంట్ కంట్రోలు బయట ఉన్న ఇంటికి అదొక్కటే ఓనరుకున్న వెసులుబాటు. నోటీసు తర్వాత కూడా కదలకపోతే సివిలు కోర్టులో దావా వేయాలి. అంతే గానీ, అద్దెకున్నవాడు ఊరెళ్లినప్పుడు తాళం మీద తాళం వేయడం, గ్యాసు సిలిండరు బయట పెట్టడం, మీటరు ఫ్యూజు పీకడం, తలుపు రెక్కలు ఊడదీసుకుపోవడం, ఇవేవీ చట్టం ఒప్పదు. గడువు తీరినవాడైనా సరే, స్థిరంగా ఉంటున్న మనిషిని బలవంతంగా బయటికి నెట్టకూడదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అలా నెట్టేస్తే ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు తోసేశారు, అంతే. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది, జాగ్రత్త.

కరెంటు గురించి ఒక మాట. ఇంట్లో ఉంటున్నవాడు ఓనరే కానక్కర్లేదు, తన పేరిట కనెక్షను అడగవచ్చని 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది. ఓనరు అభ్యంతరం లేదని రాసివ్వనంత మాత్రాన అద్దెకున్నవాడిని చీకట్లో ఉంచకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా అంది.

ఇల్లు అమ్మేశారు కాబట్టి వెళ్లిపొమ్మంటారు కొందరు. ఇల్లు కొన్నవాడు అద్దెకున్నవాడితో సహా కొన్నట్టే. పాత ఓనరు జాగాలో కొత్త ఓనరు వస్తాడు, తక్కిన షరతులన్నీ అవే. ఇల్లు చేతులు మారిందని తెలియక పాతాయనకు కట్టినది కట్టినట్టే లెక్క. అడ్వాన్సు ఎవరు తిరిగిస్తారన్నది మాత్రం అమ్మకం రోజుల్లోనే రాయించుకోండి; తర్వాత ఆయన ఈయన మీదకి, ఈయన ఆయన మీదకి తోస్తారు.

మరమ్మతుల దగ్గర చట్టం అద్దెకున్నవాడికి అంత అనుకూలం కాదు. ఇంటివారే బాగు చేయించాలని 1882 చట్టం తనంతట తాను చెప్పదు. చేయిస్తానని ఆయన ఒప్పుకుని ఉంటే, మీరు చెప్పి తగిన వ్యవధి ఇచ్చినా చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో విరగ్గోసుకోవచ్చు. ఆ ఒప్పుకోలు కాగితంలో ఉండాలి మరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచినప్పుడు ఎందరో ఇదే అడిగారు: ఇంట్లో ఉండలేని రోజులకు అద్దె కట్టాలా అని. వరద వల్ల ఇల్లు కూలిపోయినా, ఇక శాశ్వతంగా కాపురానికి పనికిరాకుండా పోయినా ఆ లీజు చెల్లదని చెప్పుకునే హక్కు అద్దెకున్నవాడిది. నీళ్లు తీసి, బురద కడిగి మళ్లీ కాపురం పెట్టే ఇంటికి ఆ మాట వర్తించదు. ఆ నెల అద్దె సగమో పావో తగ్గించడం ఇంటివారి మంచితనం మీద ఆధారపడింది. తగ్గించినవాళ్లూ ఉన్నారు, ముక్కుపిండినవాళ్లూ ఉన్నారు.

ఇక చట్టం పుస్తకాల్లో లేనిదీ, మన ఊళ్లలో మాత్రం చాలా పెద్దదీ అయిన విషయం ఒకటి. అద్దె ఇంట్లో చావు.

ఆసుపత్రిలో పెద్దాయన పోతాడు. అంబులెన్సు వీధి మలుపు తిరిగి గేటు ముందు ఆగుతుంది. ఇంటావిడ గేటు గడియ పట్టుకుని నిలబడుతుంది. “అమ్మా, మీరేమీ అనుకోకండి. మా అబ్బాయి పెళ్లి పెట్టుకున్నాం. లోపలికి మాత్రం తేవద్దు.” నిన్నటిదాకా ఆవిణ్ని నోరారా పిన్నిగారూ అని పిలిచిన కూతురు ఆ గేటు బయట తండ్రి పక్కన నిలబడి ఫోన్లో షామియానా వాడి నంబరు వెతుక్కుంటుంది. రోడ్డు వార ఐస్ బాక్సు పెట్టి, బంధువులొచ్చేదాకా అక్కడే కూర్చుంటారు. నక్షత్రం మంచిది కాదంటే, ఆ ఇల్లు నెలల తరబడి పాడు పెట్టాలన్న నమ్మకం ఒకటి. పాడు పెడితే అద్దె ఎవరిస్తారన్న లెక్క దాని వెనకే ఉంటుంది. పురుడుకు కూడా ఇదే అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు.

ఇంటావిడ భయాన్ని నేను ఎగతాళి చేయను. కానీ చట్టం ఆవిడ పక్షాన లేదు. అద్దెకిచ్చాక ఆ నాలుగు గోడల మధ్య ప్రశాంతంగా, అడ్డులేకుండా ఉండే హక్కు అద్దెకున్నవాడిది. ఆ హక్కులో బతుకుతో పాటు చావూ ఉంది. తనకు హక్కున్న చోటికి పోనీకుండా మనిషిని అడ్డగించడం నేరం కూడాను. 112కు ఫోన్ చేస్తే పోలీసులు రావలసిందే. అయితే శవాన్ని పక్కన పెట్టుకుని ఎవరు పోలీసులను పిలుస్తారు, ఎవరు కోర్టుకు పోతారు? అందుకే నన్ను అడిగేవాళ్లకు ఒకటి చెబుతుంటాను. ఇల్లు కుదుర్చుకునేటప్పుడే “ఇంట్లో జరిగే శుభాశుభ కార్యాలకు ఇంటివారు అభ్యంతరం చెప్పరాదు” అని ఒక వాక్యం కాగితంలో చేర్చమనండి. ఆ వాక్యం చదివి మొహం ముడుచుకునే ఇంటిని అక్కడికక్కడే వదిలేయవచ్చు. ఇంట్లో వృద్ధులున్నవారికి వాస్తు కన్నా ఇది ముఖ్యం.

ఖాళీ చేసే రోజు గొడవ వేరు. మేకుల గుంటలకింత, సున్నానికింత, వంటింటి గట్టు మరకకింత అని అడ్వాన్సు కరిగిపోతుంది. చట్టం అడిగేది ఒక్కటే: వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల, తప్పించలేని నష్టం పోగా, ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. నాలుగేళ్లలో గోడ రంగు వెలిసిందంటే అది అరుగుదలే. వాష్‌బేసిన్ పగిలిందంటే అది నష్టం. పెయింటుకు ఒక నెల అద్దె పట్టుకుంటారన్నది చట్టం కాదు, వాడుక. కాగితంలో రాసి సంతకం పెట్టారంటే మాత్రం మీరు ఒప్పుకున్నట్టే. చేరేరోజున ప్రతి గదినీ ఫోన్లో వీడియో తీసి, మీటరు రీడింగుతో సహా ఓనరుకు వాట్సాప్ చేస్తే, ఈ గొడవలో ముప్పాతిక వంతు తగ్గుతుంది. మీరు బిగించుకున్న ఏసీ, గీజరు, ఫ్యాన్లు వెళ్లేలోపు విప్పుకుపోవచ్చు; గోడను మాత్రం మళ్లీ సరిచేయాలి. “చివరి రెండు నెలలు అడ్వాన్సులో సర్దుకోండి” అని అద్దె ఆపేయడం మనవాళ్ల అలవాటు. ఓనరు ఒప్పుకుంటే సరే, లేకపోతే అది బకాయే.

ఇంతసేపూ ఇంటివారిని నిలదీసినట్టయింది. వాళ్ల గోడు కూడా వినాలి. పింఛను చాలక పైవాటా అద్దెకిచ్చుకున్న రిటైర్డు మాస్టారు, దావా వేసి ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతుంటే, కింది కోర్టులో ఓడినవాడు పై కోర్టులో స్టే తెచ్చుకుని అదే ఇంట్లో అదే పాత అద్దెకు నిశ్చింతగా నిద్రపోతాడు. ఇలాంటి స్టే ఊరికే ఇవ్వకూడదని, ఖాళీ చేయమన్న తీర్పు వచ్చిన నాటి నుంచి బజారు అద్దె ఎంతుంటే అంత కట్టించవచ్చని సుప్రీంకోర్టు 2004లో ఆత్మారాం ప్రాపర్టీస్ కేసులో చెప్పింది. ఆ తీర్పును మీ వకీలు చేత చదివించండి, వాయిదాలు వాటంతటవే దగ్గరపడతాయి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందన్న భయం ఒకటి ఓనర్లను పట్టి పీడిస్తుంటుంది. అది ఉత్తి భయం. ఒకరి అనుమతితో లోపలికొచ్చి అద్దె కడుతున్నవాడు, ఎన్నేళ్లున్నా, నాకిచ్చినవాడు ఓనరు కాదని ఆ కాపురంలో ఉండగా అనలేడు. పన్నెండేళ్ల సూత్రం అనుమతి లేకుండా, ఓనరుకు విరుద్ధంగా కూర్చున్నవాడికి. పదకొండు నెలలకోసారి ఇల్లు మార్పించి, పిల్లల బడులు మార్పించేదంతా ఈ భయంతోనే అయితే, అది మానుకోవచ్చు. నిజంగా జాగ్రత్త పడవలసింది అద్దె చేతికి పుచ్చుకుని ఏ ఆధారమూ మిగల్చకపోవడం దగ్గర. పన్ను తప్పించుకోవడానికి నగదే కావాలని, పాన్ నంబరు ఇవ్వనని అనే ఓనరు, రేపు కోర్టులో తాను అద్దెకే ఇచ్చానని రుజువు చేసుకోవలసి వస్తే అప్పుడు వెతుక్కోవాలి.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో చాలా ఫ్లాట్ల ఓనర్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ఇక్కడ తాళంచెవి ఇచ్చేది బావమరిదో, వాచ్‌మనో. ఓనరు మన దేశంలో ఉంటే, అద్దె నెలకు 50 వేలు దాటితేనే మామూలు మనిషి పన్ను మినహాయించాలి. 2024 అక్టోబరు నుంచి అది రెండు శాతం. ఓనరు ప్రవాసి అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవాడే పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టాలి. మూల రేటే 30 శాతం, దాని మీద సెస్సు. తక్కువ పట్టమని ఓనరు పన్నుల శాఖ నుంచి పత్రం తెస్తే తప్ప ఇది తగ్గదు. పట్టకపోతే శాఖ నోటీసు వచ్చేది డాలస్‌కు కాదు, మీ ఇంటికి. చేరేముందే అడగండి, ఓనరు ఏ దేశంలో ఉంటున్నారని.

గొడవ వచ్చాక ఎక్కడికి వెళ్లాలంటే, రెంట్ కంట్రోలు పరిధిలో ఉన్న ఇంటికి రెంట్ కంట్రోలరు. హైదరాబాదులో ఆ తీర్పుల మీద అప్పీలు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గరికి వెళుతుంది. తక్కినవాటికి సివిలు కోర్టు. పోలీసు స్టేషనుకు పరుగెత్తితే సాధారణంగా “ఇది సివిలు తగాదా” అని పంపేస్తారు. సామాను బయట పడేసినప్పుడు, కొట్టినప్పుడు, దారి అడ్డగించినప్పుడు మాత్రం వారు తప్పించుకోలేరు, కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వండి. వకీలుకు డబ్బు లేదనేవారికి ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, వరదల వంటి విపత్తుల్లో నష్టపోయినవారికి ఆదాయం ఎంతని అడగకుండానే ఉచితంగా వకీలును పెడతారు. తక్కినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో తేలే కేసులివి, ముఖ్యంగా అడ్వాన్సు లెక్కలు. ఫోన్ నంబరు 15100. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, ఐదు, ఒకటి, సున్న, సున్న.